కుల్సుం మహరు ఏ సిక్కాలో

సంబంధం కుదిర్చినవాడికి పెళ్ళిలో దక్కేవి రెండే. ఒక తువ్వాలు, బోలెడు తిట్లు. మా కుల్సుం పెళ్ళిలో తువ్వాలు ఇంకా నా భుజం మీదికి రాకముందే తిట్లు మొదలయ్యాయి.

నా పేరు నాగుల్‌మీరా. నడికుడి రైసుమిల్లులో ఆయిలింజను మేస్త్రీని. కుల్సుం మా అక్క జాన్‌బీ కూతురు. మా బావ గులాం మొహిద్దీన్‌కి దాచేపల్లి బజారులో గాజుల కొట్టుంది. బావ మంచివాడే గాని నోరు పెద్దది. కొట్లో కూర్చుని ధర చెబితే పోలీసు ఠాణా దాకా వినపడుతుంది. మా ఇళ్ళల్లో ఉర్దూ, తెలుగూ కలగలిపి మాట్లాడుకుంటాం. మీకోసం అంతా తెలుగులోనే చెబుతున్నాను.

పెళ్ళికొడుకు ఫరీద్ నా చేతికింద ఇంజను పని నేర్చుకున్నాడు. తర్వాత కృష్ణ దాటి మిర్యాలగూడెం మిల్లులో ఫిట్టరుగా కుదిరాడు. నా దగ్గర ఉన్న రోజుల్లో చెల్లెలికి గాజులు కొనాలంటూ బావ కొట్టుకి వెళ్ళాడు. చెల్లెలి చేతి కొలత తెలీదని తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళాడు. కొలత దొరికాక రంగు తెలీదని ఇంకోసారి వెళ్ళాడు. కొట్టు వెనక గదిలో కూర్చుని గాజులు జతలు కట్టేది కుల్సుమే. వాడికి అసలు చెల్లెలే లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కుల్సుంకి మొదటి రోజే తెలుసట. ఇంక నేను సంబంధం మాట్లాడక తప్పలేదు.

ఫరీద్ తండ్రి అబ్దుల్ గఫార్ అవతలి ఒడ్డున వాడపల్లిలో, నిజాం సర్కారు సుంకం నాకాలో జమేదారు. రేవులో దిగిన ప్రతి మూటా ఆయన ముందు విప్పవలసిందే. పెళ్ళాం పోయి చాలా ఏళ్ళయింది. కొడుకూ, ఉద్యోగమూ, రెండే ఆయన లోకం. ఇంట్లో చొక్కా లేకుండా కూర్చున్నా డవాలీ బిళ్ళ తగిలించుకున్నట్టే కూర్చుంటాడు.

ఇది 1948 ఎండాకాలం సంగతి. అంతకుముందు ఆగస్టులో ఇవతలి ఒడ్డున మూడురంగుల జెండా ఎగిరితే, అవతల నిజాం సర్కారు మాది వేరే దేశం అని చెప్పుకుంది. అవునని ఏ దేశమూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా దానికి సొంత రైలుంది, సొంత టపా ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా సొంత రూపాయి ఉంది. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ రూపాయిని మేం హాలీ అంటాం. రాజు తలకాయ ఉన్న మా రూపాయి కల్దారు. ఏడు హాలీలకి ఆరు కల్దార్లు అన్న లెక్క మా ఊళ్ళలో పిల్లలకి ఎక్కాలకంటే ముందే వచ్చేది. తాతల కాలం నుంచీ రెండు రూపాయలూ ఒకే గల్లాపెట్టెలో పక్కపక్కనే పడుకున్నాయి.

ఆ చలికాలంలో మాత్రం అవతలి సర్కారు తన గడ్డ మీద కల్దారు చెల్లదని హుకుం వేసింది. దాంతో ఇవతల హాలీ పరువు పోయింది. గాజులకి వచ్చే అవతలి ఆడవాళ్ళు హాలీ తప్ప తేలేరు, బావ వద్దనలేడు. తీసుకున్నది పక్కింటి బసవయ్య శెట్టి దగ్గర మార్చబోతే, ఆయన పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఇంకో ధర చెప్పేవాడు. అందుకని బావకి చార్మినార్ బొమ్మ కనపడితే ఒళ్ళు మండేది. అవతల అబ్దుల్ గఫార్‌కేమో కల్దారు కనపడితే ఉద్యోగం గుర్తొచ్చేది. జనం నడుముల్లో, తలపాగాల్లో, ఊరగాయ జాడీల్లో దాచుకున్న కల్దార్లను వెతికి పట్టుకోవటమే అప్పట్లో ఆయన పని.

ఇలాంటి ఇద్దరు వియ్యంకులు, మా మాటలో సమ్ధీలు. మా నిఖాలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి ఇవ్వవలసిన సొమ్మును మహరు అంటారు. అది పూర్తిగా ఆ పిల్లదే, తండ్రికి గాని అత్తమామలకి గాని అందులో భాగం లేదు. మాట ఖాయం చేసుకున్న రోజున మహరు అయిదువందలు అనుకున్నారు. ఏ సిక్కాలో, అంటే హాలీయా కల్దారా అని పెద్దలెవరో అడిగితే, పెళ్ళినాడు చూసుకుందాంలే అని ఇద్దరూ నవ్వుకుంటూ లేచారు. ఎవరికి వాళ్ళు అవతలివాడే తగ్గుతాడని అనుకున్నారు.

పెళ్ళినాడు పొద్దున్నే పెళ్ళివారు పుట్టిలో కృష్ణ దాటి, పొందుగల రేవు నుంచి బండ్ల మీద దాచేపల్లి వచ్చారు. రెండు ఒడ్డుల్లోనూ పోలీసులున్నారు. పొద్దుగూకేలోగా తిరిగి దాటాలని, తామిచ్చిన చీటీ ఆ ఒక్కరోజుకే చెల్లుతుందని చెప్పి పంపారు. అవతల రజాకార్ల గొడవలు, ఇవతల వాళ్ళ మీద పోరాడేవాళ్ళ క్యాంపులు. రేవు ఏ రోజు మూసేస్తారో ఎవరికీ తెలియదు. ఇవాళ నిఖా జరగకపోతే ఇంకెప్పుడో, అసలు జరుగుతుందో లేదో. ఆ సంగతి పందిట్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

గురజాల నుంచి వచ్చిన ఖాజీ గారు నిఖాలు రాసే పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచి, "మహరు అయిదువందలు. ఏ సిక్కా?" అన్నారు.

"కల్దారు," అన్నాడు బావ.

"హాలీ," అన్నాడు అబ్దుల్ గఫార్.

ఖాజీ గారు కలం పక్కన పెట్టారు.

"మొహిద్దీన్ భాయ్, నువ్వు జర సోచాయించు," అన్నాడు జమేదారు. "పొద్దున లేస్తే నేను జనం మూటలు ఇప్పి కల్దారు పట్టుకుంట. నా కొడుకు నిఖా కాయితంల కల్దారు అని రాయిస్తే, రేపు నాకాల నా మొఖం ఎట్ల సూపియ్యాలె?"

"నీ మొహం సంగతి నాకెందుకు సమ్ధీ? నా కూతురి సొమ్ము సంగతి చెప్పు. నీ సర్కారును ఏ దేశం ఒప్పుకుంది? రేపు అది ఉంటదో ఊడతదో తెలీదు. అది పోతే ఆ చార్మినార్లు తీసుకుని నా కూతురు ఏం చెయ్యాలి? బొత్తాలు కుట్టుకోవాలా?"

"మా సర్కారు ఊడతదా? నా అన్నం మా సర్కారుది!"

"నీ అన్నం ఇవాళ మా డేగిసాలో ఉడుకుతోంది!"

ఇలా సాగింది. బసవయ్య శెట్టి పిలుపు మీద వచ్చి ఓ మూల కూర్చుని తాంబూలం వేసుకుంటున్నాడు. మార్పిడి మాట వినపడేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "దీనికింత రభస ఎందుకయ్యా? అయిదువందల కల్దారుకి సరిపోను హాలీ ఎంతో నేను లెక్క కట్టి చెబుతా. పక్కపక్కన రెండూ రాసుకోండి," అన్నాడు. ఏ రోజు ధర అని బావ అడిగాడు. పాత ధర అన్నాడు జమేదారు. పాత ధర ఇప్పుడెక్కడుంది, బజారు ధర కట్టాలన్నాడు బావ. ఖాజీ గారికి తిక్కరేగి, "నేను నిఖా రాయటానికొచ్చానా, పిడుగురాళ్ళ సంతలో బేరం రాయటానికొచ్చానా?" అని అరిచారు.

నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క మంట. ఎందుకంటే అక్కడ ఉన్న మగవాళ్ళందరికీ తెలిసి, ఒక్కడూ నోరు విప్పని సంగతి ఒకటుంది. మా చుట్టుపక్కల మహరు ఇచ్చిన మగవాడు లేడు. కాయితంలో దర్జాగా రాయిస్తారు. మొదటి రాత్రి పెళ్ళాన్ని మాఫ్ చెయ్యమంటారు, ఆమె చేస్తుంది. అప్పుడు కుదరకపోతే చచ్చేముందు మంచం పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతారు. ఇద్దరు పెద్దమనుషులు పెళ్ళి ఆగిపోయేదాకా కొట్లాడుకుంటున్నది ఆ ఎవడూ ఇవ్వని రూపాయి కోసం. దాని మీద చార్మినార్ ఉంటే ఏంటి, రాజు తలకాయ ఉంటే ఏంటి?

పొద్దు నడినెత్తికి వచ్చింది. వెనక పొయ్యిల మీద పలావు దమ్ము వాసన ఊరంతా తిరుగుతోంది. ఫరీద్ పూల సెహరా వెనక మొహం దాచుకుని కదలకుండా కూర్చున్నాడు. పూలు మాత్రం ఊపిరికి ఎగురుతున్నాయి. జమేదారు ఉన్నట్టుండి లేచి నిలబడి, "బండ్లు కట్టుండ్రి. మాకు రేవు దాటే వక్తు అయితది," అన్నాడు. బావ కూడా లేచి, "కట్టండి, కట్టండి, ఎద్దులకి నీళ్ళు కూడా పెట్టించాను," అన్నాడు.

అప్పుడే తిట్లు నా మీదికి తిరిగాయి. ఇలాంటి సంబంధం తెచ్చినందుకు బావ ఒకపక్క నుంచి, ఇలాంటి ఇంటికి తెచ్చినందుకు జమేదారు ఇంకోపక్క నుంచి. ఆ ఒక్క విషయంలో వియ్యంకులిద్దరూ ఏకమయ్యారు.

ఖాజీ గారు పెద్దమనిషి. ఆయన చెయ్యెత్తి ఇద్దర్నీ కూర్చోబెట్టారు. "మహరు ఆ పిల్ల హక్కు. మీ ఇద్దరిదీ కాదు. ఏ సిక్కా కావాలో ఆమెనే అడుగుదాం. ఆమె ఏదంటే అది రాస్తాను, ఆ తర్వాత ఇద్దరూ నోరు మూసుకోవాలి. ఒప్పేనా?" అన్నారు.

"నా కూతురు కల్దారే అంటది," అన్నాడు బావ.

"మా ఇంటికొచ్చే పిల్ల మా సిక్కానే అంటది," అన్నాడు జమేదారు.

నిఖాలో పెళ్ళికూతురు పరదా వెనక ఉంటుంది. ఆమె తరఫున ఒక వకీలు, ఇద్దరు సాక్షులు వెళ్ళి, ఫలానావాడితో ఫలానా మహరుకి నిఖా నీకు ఒప్పేనా అని అడిగి వస్తారు. మా కుల్సుంకి ఆ వకీలుని నేనే. మామూలుగా పెళ్ళికూతుళ్ళు తలొంచుకుని ఏడుస్తూ ఊ అంటారు. ఆ ఊ కూడా పక్కనున్న ముసలమ్మ వీపు మీద ఒకటి వేస్తే గాని బయటికి రాదు.

సాక్షుల్ని పరదా బయట నిలబెట్టి నేను లోపలికి తల పెట్టాను. ఎర్ర దుపట్టా కింద కుల్సుం, చుట్టూ ఆడవాళ్ళు. మా అక్క గోడకి ఆనుకుని కూర్చుంది, మొహం పాలిపోయింది. మా ఆవిడ ఖాతూన్ బీ కుల్సుం భుజాల చుట్టూ చెయ్యి వేసింది. అరుపులన్నీ వాళ్ళు విన్నారు.

"అమ్మా, ఖాజీ గారు నిన్నడిగి రమ్మన్నారు. మహరు అయిదువందలు. ఏ సిక్కాలో కావాలి?" అన్నాను.

కుల్సుం తల పైకెత్తింది. "ఆ అయిదువందలు నాకెప్పుడిస్తారు మామూ?"

"ఇవ్వటమేందే?" అంది మూల నుంచి ఓ ముసలమ్మ. "అది ఇచ్చేది కాదే తల్లీ, రాసేది. రేపు ఫరీద్ మాఫ్ చెయ్యమంటాడు, నువ్వు చేశానంటావు. అంతే."

"అంటే, ఇవ్వని రూపాయి ఏ రూపాయో తేల్చమని నన్నడుగుతున్నారా?" అంది కుల్సుం. "మామూ, పోయి చెప్పు. నాకు అయిదువందలు వద్దు. ఆయన సొంతంగా కష్టపడి తెచ్చుకున్నది ఎంతుంటే అంత, దాని మీద ఏ బొమ్మ ఉన్నా సరే, ఇప్పుడు నా చేతిలో పెట్టమను. పెట్టినాక కుబూల్ అంటా."

"పెట్టకపోతే?"

"ఆ పలావు తిని ఎవరి దారిన వాళ్ళు పొమ్మను."

మాట గట్టిగానే అంది. కాని గోరింట పెట్టిన ఆ వేళ్ళు మా ఆవిడ కొంగుకి ముడులేస్తూ విప్పుతున్నాయి. ఎందుకో నాకు అర్థమైంది. దానికి ఫరీద్ కావాలి. వాడు లేకపోతే వద్దు అన్నంత కావాలి. అయినా వాడిచ్చేది కాయితం మీది మాట కాకూడదు అనుకుంది. గాజుల కొట్టు వెనక గదిలో కూర్చుని బజారంతా వింటూ పెరిగిన పిల్ల, అరువుకీ రొక్కానికీ తేడా దానికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ క్షణంలో నా మేనకోడల్ని చూసి నాకు పట్టరాని గర్వం కలిగింది.

పందిట్లోకి వచ్చి ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను. పలావు మాట కూడా చెప్పాను.

ముందు బావ అందుకున్నాడు. "నా కూతురు అట్లా అనదు. ఒరేయ్ నాగులూ, నువ్వే కల్పించావు!"

"అబ్బా, నేనే అన్నా," అని తండ్రిని పిలిచి చెప్పిన కుల్సుం గొంతు పరదా వెనక నుంచి వినపడింది.

"మా ఖాన్‌దాన్ల ఏ ఆడిమనిషీ గిట్ల అడగలే," అన్నాడు జమేదారు.

"అడగకపోవటం వాళ్ళ మంచితనం," అన్నారు ఖాజీ గారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "అసలు పద్ధతి ఇదే. నిఖా వేళకే చేతికిచ్చే మహరు అన్నిటికంటే మేలైనది. ఏం ఫరీద్, నీ దగ్గర ఏమైనా ఉందా? లేకపోతే లేదని చెప్పు, సిగ్గుపడకు."

అందరి కళ్ళూ వాడి మీద పడ్డాయి. ఫరీద్ సెహరా పాయలు పక్కకి తోసి, నిలబడి, షేర్వాణీ కింద చెయ్యి పెట్టి నడుముకి చుట్టుకున్న గుడ్డ సంచీ విప్పాడు. ఖర్జూరాల పళ్ళెం ఖాళీ చేయించి అందులో సంచీ మూతి తిరగేశాడు. రూపాయలు గలగలా పడ్డాయి. "ఇల్లు పెట్టుకోటానికి దాచిన," అన్నాడు మెల్లగా. "ఎట్లైనా ఆమె చేతికే ఇద్దామనుకున్న. ఎప్పుడియ్యాల్నో, ఏమని ఇయ్యాల్నో తెల్వలే. ఆమెనే అడిగింది, మంచిగైంది."

జనం ముందుకి వంగారు. పళ్ళెంలో సగం చార్మినార్లు. మిగతా సగం రాజు తలకాయలు.

అందరూ పళ్ళెం మీది నుంచి చూపు జమేదారు మీదికి తిప్పారు. వాడపల్లి నాకాలో ఊరగాయ జాడీలు కూడా వదలని మనిషి ఆయన.

"ఒరే," అన్నాడు ఆయన. "ఈ కల్దారు ఏడిదిరా?"

"నాగుల్ మామూ దగ్గర పనిచేసినప్పటి జీతం అబ్బా."

"హుకుం వచ్చిన కాడికెల్లి నీ దగ్గర్నే ఉందా? పొద్దున నా నాకా ఎట్ల దాటింది?"

"మీ పక్కపొంటనే నడిసొచ్చింది. అందరి మూటలూ ఇప్పిచ్చిండ్రు గని నన్ను అడగలే."

బసవయ్య శెట్టి నోట్లో తాంబూలం పొరబోయింది. ముందు ఆయన నవ్వాడు, తర్వాత ఖాజీ గారు, ఆ తర్వాత పందిరి మొత్తం. పరదా వెనక నుంచి ఆడవాళ్ళ నవ్వు అన్నిటికంటే పెద్దగా వినపడింది. ఇద్దరు మాత్రం నవ్వలేదు. జమేదారు అలవాటు చొప్పున చెయ్యి చాపి పళ్ళెంలోంచి కల్దార్లు ఏరబోయాడు. అదే సమయానికి బావ ఇంకోవైపు నుంచి చెయ్యి చాపి హాలీలు ఏరి పక్కన పెట్టబోయాడు. ఖాజీ గారు ఇద్దరి చేతుల మీదా చెరో దెబ్బ వేశారు.

"జమేదార్ సాహెబ్, ఇది దాచేపల్లి. ఇక్కడ మీ జప్తు చెల్లదు. మొహిద్దీన్ మియా, ఇది నీ గల్లాపెట్టె కాదు. ఆ పిల్ల సొమ్ము ముట్టుకోకండి."

"అయితే చివరికి సగం హాలీయేనా నా కూతురికి?" అన్నాడు బావ, ఏడుపు గొంతుతో.

"అబ్బా," అంది పరదా వెనక నుంచి కుల్సుం, "నా చేతిలో పడ్డది నాది. ఎక్కడ చెల్లుతుందో నేను చూసుకుంటా."

పళ్ళెం నేనే లోపలికి తీసుకెళ్ళాను. కుల్సుం రెండు చేతులూ పట్టింది. గోరింట చేతుల్లోకి రూపాయలు ఒంపుతుంటే దాని కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. దుపట్టా చెంగులో మూట కట్టుకుని, ఎవరూ వీపు మీద చరచకుండానే, మూడుసార్లు కుబూల్ అంది. మూడోసారి బసవయ్య కొట్టు దాకా వినపడి ఉంటుంది. నోరు తండ్రిదే కదా. ఖాజీ గారు సిక్కా పేరు రాయవలసిన చోట 'చేతికి ముట్టింది' అని రాసి అందరి చేతా సంతకాలు పెట్టించారు.

భోజనాల దగ్గర వియ్యంకులిద్దర్నీ పట్టుబట్టి ఒకే పళ్ళెం ముందు కూర్చోబెట్టాను. కాసేపు ఎవరి వైపు పలావు వాళ్ళు మూతి ముడుచుకుని తిన్నారు. మాంసం మెత్తగా ఉంది, దాల్చా పుల్లగా ఉంది, కోపాన్ని ఎంతసేపని పట్టుకుంటారు? ఓ మంచి మూలుగ ఎముక కనపడితే బావ దాన్ని జమేదారు వైపు తోశాడు. జమేదారు దాన్ని చూసి, తల పంకించి, సగం తిని మళ్ళీ ఇటు తోశాడు.

బండ్లు కదిలేటప్పుడు కుల్సుం తల్లిని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నన్ను పట్టుకుని కూడా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. రేవు దాకా సాగనంపి వచ్చాం. అవతలి ఒడ్డున జరిగింది తర్వాత ఫరీద్ చెప్పాడు. నాకా దగ్గర అందరి మూటలూ విప్పించిన జమేదారు, కోడలు దుపట్టా చెంగు బిగించి పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడేసరికి, ఆకాశంలో ఏదో పిట్ట పోతున్నట్టు పైకి చూస్తూ నిలబడ్డాడట. ఆమె దాటాకే తల దించాడట.

మేం తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. పందిరి గుంజలు ఊడదీస్తున్నారు. బావ నులకమంచం మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి కూతురి గురించి చెబుతున్నాడు. పొద్దున సిగ్గుతో చచ్చిపోయిన మనిషి, సాయంత్రానికి ఆ తెలివంతా తన దగ్గరే నేర్చుకుందంటున్నాడు.

"చూశావా నా కూతుర్ని? రొక్కం పెట్టించింది! ఎవరి కూతురనుకున్నావు?" అన్నాడు నాతో.

మా అక్క వాకిట్లో ఎంగిలి పళ్ళేలు పోగు చేస్తోంది. పొద్దుటి నుంచీ ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు. పళ్ళేలు కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"ఇదుగో, కుల్సుం అబ్బా. నా మహరు ఎంత?"

బావ నవ్వాడు. "నీదేంది? నువ్వు ఏనాడో మాఫ్ చేస్తివిగా!"

"చేశా," అంది అక్క. "నాకప్పుడు పద్నాలుగేళ్ళు. నువ్వు తలుపేసి వచ్చి ఏందో అడిగావు. నువ్వేం అడుగుతున్నావో నాకు తెలీదు. మహరంటే ఏందో కూడా నాకెవరూ చెప్పలా. భయమేసింది, ఊ అన్నా. నువ్వు అప్పుడు ఏమడిగినా ఊ అనేదాన్నే."

బావ మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. ఆయన నా వైపు చూశాడు. నేను పందిరి గుంజ వైపు చూశాను. నా అక్క పెళ్ళిలో నేను పల్లకీ వెనక పరిగెత్తిన సంగతి గుర్తొచ్చింది. ఆమె ఎంత చిన్నగా ఉండేదో గుర్తొచ్చింది.

"నా కూతురు అడిగింది," అంది అక్క. "నేనూ అడుగుతున్నా. అరవటంలా, పోట్లాడటంలా. నాది నాకియ్యి."

అంత నోరున్న మనిషి ఊరికే నేల చూస్తూ కూర్చోవటం నేను మొదటిసారి చూశాను. చివరికి, చిన్న గొంతుతో అడిగాడు.

"ఏ సిక్కాలో కావాలి?"

"పొద్దుటి నుంచీ ఏదని అరిచావో అదే."

ఆ సెప్టెంబరులో సైన్యం నది దాటింది. ఎవరూ ఒప్పుకోని ఆ దేశం వారం తిరక్కుండా అయిపోయింది. చార్మినార్ రూపాయి మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు నడిచింది. కుల్సుం తన హాలీలతో అవతల ఒక పాడిగేదెను కొంది, కల్దార్లతో ఇవతల నా చేత కుట్టుమిషను కొనిపించుకుంది. సర్కారు పోయినా జమేదారు గారి నడుం వంగలేదు. ఇప్పుడాయన గేదె దగ్గర నిటారుగా కూర్చుంటున్నాడు. ఇక మా ఆవిడ ఖాతూన్ బీ నన్నేమడిగిందో, నేనేం చెప్పానో మీరు అడక్కండి. ఒక్క నా ఇంట్లోనే కాదు, ఆ ఏడు దాచేపల్లి, నడికుడి సాయిబుల ఇళ్ళల్లో చాలామంది మగవాళ్ళు పొదుపు నేర్చుకున్నారు.

అక్క మహరు వారానికో రూపాయి చొప్పున తీరుస్తానన్న మాట మా బావ తప్పలేదు. శుక్రవారం నమాజు అయిపోగానే కొట్టుకి పోకుండా ఇంటికి వస్తాడు. అక్క గడప మీద కూర్చుని ఉంటుంది. ఆయన కల్దారు రూపాయి ఆమె చేతిలో పెడతాడు. ఆమె దాన్ని గడపరాతి మీద మోగించి చూస్తుంది. కొత్తగా వచ్చిన నికెలు రూపాయలు ఆ రాతి మీద సరిగా పలకవు. "ఇది మోగట్లా, వెండిది తే," అంటుంది. బజారంతా దద్దరిల్లేట్టు ధర చెప్పే మనిషి, కిక్కురుమనకుండా లోపలికి పోయి పాతది వెతికి తెస్తాడు.

ఓ శుక్రవారం నేను అక్కడే ఉన్నాను. ఆయన కొట్టుకి వెళ్ళాక అడిగాను.

"ఆపా, ఆ మనిషి మెత్తబడ్డాడు. ఇంక చాల్లే, మాఫ్ చెయ్యరాదూ?"

అక్క రూపాయిని కొంగున ముడేసుకుంటూ నవ్వింది. చిన్నప్పటి తర్వాత ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

"చేస్తాలేరా," అంది. "ఈసారి తెలిసే చేస్తా. ఇంకా చెయ్యాలనిపించలా."